గోదావరి గట్టు మీద సీగల్స్ అసలు ఏం తింటున్నాయి? మరమరాలు మాత్రం కాదనిపిస్తోంది

గట్టుమీద_శీను
మాది రాజమండ్రి. డిసెంబరు నుంచి పొద్దున్నే పుష్కర ఘాట్ వైపు నడకకి వెళ్తున్నా. ఆరున్నరకల్లా సీగల్స్ దిగిపోతాయి, పడవల చుట్టూ అరుచుకుంటూ తిరుగుతాయి, జనం మరమరాలు, కారప్పూస విసురుతారు, ఫోటోలు దిగుతారు. ఇదంతా ఊళ్ళో అందరికీ తెలిసిందే. నా గొడవ ఏంటంటే, పది రోజులుగా నడక మానేసి మెట్ల మీద కూర్చుని వాటినే చూస్తున్నా. గాల్లో మరమరాలు అందుకున్న పక్షి సగం సార్లు నీళ్ళలో వదిలేస్తోంది. నీళ్ళ మీద తేలేవాటిని ఒకసారి ముక్కుతో కెలికి పోతోంది. అదే వల లాగే పడవ ఒకటి వచ్చిందంటే ఇక్కడ ఒక్కటి మిగలదు, గుంపు గుంపంతా అటే. ఎనిమిది దాటాక ఇంకా విచిత్రం. పదీ పదిహేనూ కలిసి లేచి కిందివైపు ఎటో పోతాయి, మళ్ళీ మూడున్నరకి గానీ రావు. మధ్యలో ఎక్కడుంటాయి, ఏం తింటాయి? కాకినాడ అరవై కిలోమీటర్లు, రోజూ సముద్రానికి వెళ్ళొస్తున్నాయా? ఎవరైనా గమనించారా?

చేపలపులుసు
ఎనిమిదింటికి టిఫిన్ టైమ్ కదన్నా. పెసరట్టు ఉప్మాకి పోయుంటాయి.

మంజీరా_నడక
మరమరాలు అంటే మా దిక్కు మురుమురాలేనా? పేరు కొత్తగా ఉంటే పక్షులు కూడా వదిలేస్తాయేమో.

సీమ_చిత్రాన్నం
రెండూ తప్పే. వాటిని బొరుగులు అంటారు.

కొల్లేటి_గట్టు
పేర్ల గొడవ పక్కన పెట్టండి, నాకు తెలిసింది చెప్తా. మాకు కైకలూరు వైపు చేపల చెరువులున్నాయి, బొచ్చె, శీలావతి వేస్తాం. చలికాలం వచ్చిందంటే ఈ పక్షులు మా చెరువుల మీదే. తవుడు సంచులకి చిల్లులు పెట్టి కర్రలకి కట్టి నీళ్ళలో వేలాడదీస్తాం, చేప వచ్చి ఆ చిల్లుల్లోంచి లాక్కుని తింటుంది. ఆ సంచుల చుట్టూ సీగల్స్ తిరుగుతుంటే తవుడు తింటున్నాయనే అనుకుంటూ వచ్చాను చాలా ఏళ్ళు. తర్వాత ఒకసారి గట్టు మీద పనేమీ లేక కూర్చుని చూస్తే తెలిసింది, సంచిలోంచి బయటికి తేలిన తవుడు కోసం పరిగెలు పైకి వస్తాయి, వీటి కన్ను వాటి మీద. ఎగురుతూ వచ్చి నీళ్ళ మీద ముక్కు ఆనించి ఒకటి ఎత్తుకుని పోవడమే, మునగడాలు ఏమీ లేవు. ఇక పట్టుబడి రోజు చెప్పక్కర్లేదు. మేం వల దించకముందే గట్టు మీద వరసగా కూర్చుంటాయి, కాటా దగ్గర బ్రోకరు కూర్చున్నట్టు. వల కుదించేటప్పుడు ఎగిరిపడే చిన్న చేప, తొక్కిడిలో చితికిన చేప, అన్నీ వాటివే. నష్టమా అంటే పెద్దగా లేదు. నీటికాకి దొంగ, గూడబాతు దోపిడీదారు, ఇది ఉత్త జేబుదొంగ.

గట్టుమీద_శీను
@కొల్లేటి_గట్టు తవుడు సంగతి భలే పట్టారు. అంటే నేను చూసే మరమరాల దగ్గర కూడా చిన్న చేపలు పైకి వస్తున్నాయేమో. రేపు ఆ కోణంలో చూస్తా.

కాశీకి_వెళ్ళొచ్చా
నేను ఒప్పుకోను. మొన్న కార్తీకంలో కాశీ వెళ్ళినప్పుడు పడవ మీద మేమే స్వయంగా పెట్టాం. పడవాయనే సన్న కారప్పూస పొట్లాలు అమ్ముతాడు, "ఆవో ఆవో" అని కేకేస్తే వందలకొద్దీ వచ్చి వాలతాయి. ఒక్కటి కూడా వదల్లేదు, చేతిలోంచి లాక్కున్నంత పని చేశాయి. సైబీరియా నుంచి వస్తాయట పాపం, అంత దూరం ఎగిరొచ్చి ఆకలి మీద ఉంటాయి.

పక్షిపిచ్చి
మన దేశంలో చలికాలం కనబడే ప్రతి పక్షికీ సైబీరియా పాస్‌పోర్టు ఇచ్చేస్తాం. గోదావరి మీద ఎక్కువగా కనబడేది బ్రౌన్ హెడెడ్ గల్. అది గుడ్లు పెట్టేది లడఖ్, టిబెట్, మధ్య ఆసియాలో ఎత్తైన చోట్ల ఉన్న సరస్సుల దగ్గర. పాంగాంగ్, సో మొరీరి చూడ్డానికి వేసవిలో వెళ్ళినవాళ్ళు అక్కడ చూసే ఉంటారు. కాశీలో దీంతోపాటు బ్లాక్ హెడెడ్ గల్ కూడా కలుస్తుంది, అది కాస్త చిన్నది, కన్ను నల్లగా ఉంటుంది. బ్రౌన్ హెడెడ్ పెద్ద పక్షికి కన్ను తెల్లగా, కోపంగా చూస్తున్నట్టు ఉంటుంది, రెక్క కొసల నలుపులో తెల్ల మచ్చలు. చలికాలంలో రెండింటికీ తల మీద రంగు పోయి చెవి వెనక మచ్చ మాత్రం మిగులుతుంది, అందుకే పేరుకీ పక్షికీ సంబంధం లేనట్టు అనిపిస్తుంది.

ఇక తిండి. కారప్పూస నూనెలో వేగింది, శనగపిండి, బరువుంటుంది, గాల్లో సూటిగా వస్తుంది, అందుకోవడం తేలిక. మరమరం గాలికి కొట్టుకుపోతుంది, అందుకున్నా నోట్లో ఏమీ ఉండదు. కాబట్టి కాశీలో మీరు చూసిందీ నిజమే, శీను గారు చూసిందీ నిజమే. తిన్నంత మాత్రాన అది వాటికి మంచిదని కాదు, ఆ ఉప్పూ కారం సంగతి వేరే.

చేపలపులుసు
నాకు కూడా మరమరాల కన్నా కారప్పూసే ఇష్టం. ఇందులో పరిశోధన ఏముంది.

డాలస్_బాబాయ్
సముద్రం సంగతి అడిగారు కాబట్టి. మాకు ఇక్కడ సముద్రం నాలుగొందల కిలోమీటర్లు. అయినా చలికాలం వస్తే ప్రతి సూపర్ మార్కెట్ పార్కింగ్‌లో సీగల్సే. రింగ్ బిల్డ్ గల్ అంటారు, పసుపు ముక్కు చుట్టూ నల్ల గాజు తొడిగినట్టు ఉంటుంది. లైటు స్తంభానికి ఒకటి చొప్పున కూర్చుంటాయి. ఎవరైనా కారులో కూర్చుని కాగితం సంచి మడత విప్పితే చాలు, ఆ చప్పుడుకే నాలుగు దిగుతాయి. మొదట్లో నేనూ ఇవి దారి తప్పాయి అనుకుని జాలిపడి ఫ్రెంచ్ ఫ్రైస్ వేశాను, తర్వాత వారం రోజులు నా కారు అద్దాలు కడుక్కోవడమే సరిపోయింది. ఇవి పుట్టేదే లోపలి సరస్సుల దగ్గర, వీటిలో చాలావాటికి సముద్రంతో పనే లేదు. పేరులో సీ ఉందని మనం అనుకోవడమే.

లెక్కల_మాస్టారు
శీను గారూ, మీరు చూసే పద్ధతిలో లోపం ఉంది. గుంపు మొత్తాన్ని చూస్తే కంటికి ఆనేది గొడవ చేసేవే. మరమరాలకి ఎగబడేవి ఇరవై ఉంటే మీ కన్ను ఆ ఇరవై మీదే ఉంటుంది, దూరంగా నీళ్ళ మీద తేలుతున్న ఎనభై లెక్కలోకి రావు. రెండు పనులు చేయండి. పది నిమిషాలకోసారి ఎడమ నుంచి కుడికి ఒక్కసారి కన్ను తిప్పి ఏది ఏం చేస్తోందో గీతలు పెట్టండి: తేలుతోంది, ఎగురుతోంది, తింటోంది, కొట్లాడుతోంది. మధ్యలో ఒకే పక్షిని పట్టుకుని అయిదు నిమిషాలు వదలకండి, అది బోరు కొట్టించినా సరే. "సగం సార్లు వదిలేస్తోంది" అన్నారు, ఎన్నిట్లో సగం? లెక్క లేని సగం సగం కాదు.

చేపలపులుసు
మాస్టారు ఎర్ర పెన్ను తీశారు.

బ్రిస్టల్_బుజ్జి
గుంపులు ఎనిమిదింటికే ఎందుకు లేస్తున్నాయి అన్న ప్రశ్నకి మా ఊరి కథ ఒకటి. ఇక్కడ యూనివర్సిటీ వాళ్ళు లెస్సర్ బ్లాక్ బ్యాక్డ్ గల్స్‌కి చిన్న జీపీఎస్ పెట్టెలు కట్టి, పక్కనే ఒక స్కూలు, ఒక పార్కు, ఒక చెత్త కేంద్రం దగ్గర మనుషుల్ని పెట్టి చూశారు, 2020లో అచ్చేశారు. స్కూల్లో పిల్లలకి ఇంటర్వెల్, లంచ్ అయ్యే వేళకి గల్స్ హాజరు. చెత్త కేంద్రంలో లారీ దిమ్మరించే వేళకి అక్కడ. పార్కులో మాత్రం జనంతో పని లేదు, తెల్లవారుజామునే ఎక్కువ, అప్పుడు వానపాములు, పురుగులు దొరుకుతాయని. అంటే వాటికి మన టైమ్ టేబుల్ తెలుసు. మీ ఎనిమిది కూడా ఎవరిదో డ్యూటీ టైమ్ అయ్యుంటుంది, అది ఎవరిదో కనుక్కోండి.

ఇంకో వింత. మా అపార్ట్‌మెంట్ ముందు పచ్చికలో గల్ నిలబడి రెండు కాళ్ళూ టకటకా ఆడిస్తుంది, ఉన్నచోటే. మొదటిసారి చూసి దానికి ఏదో జబ్బు చేసిందని మా ఆయన్ని పిలిచాను. కాసేపు తొక్కుతుంది, ఆగి మెడ వంచి చూస్తుంది, వానపాము పైకి వస్తే లాగేస్తుంది. నేల అదిరితే వానపాములు పైకి వస్తాయి, అది దానికి తెలుసు.

మంజీరా_నడక
మరి ఇన్ని రోజులు డ్యాన్స్ మాస్టర్లు పక్షులను చూసి నేర్చుకున్నరన్నమాట.

బ్రిస్టల్_బుజ్జి
ఇది కూడా చెప్పాలి. ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్ళు 2019లో హెర్రింగ్ గల్స్ ముందు చిప్స్ పెట్టి చూశారు. మనిషి గల్‌నే తేరిపార చూస్తుంటే, తల తిప్పుకున్నప్పటి కన్నా సగటున 21 సెకన్లు ఆలస్యంగా వచ్చిందట. చాలా గల్స్ అసలు దగ్గరికే రాలేదు. కాబట్టి శీను గారూ, మీరు మెట్ల మీద కూర్చుని గుచ్చి గుచ్చి చూస్తే మీ దగ్గరికి రానివి కొన్ని ఉండొచ్చు. పక్కకి చూస్తున్నట్టు నటించండి.

చేపలపులుసు
లెక్కల మాస్టార్ని కూర్చోబెడితే అసలు ఒక్కటీ రాదు.

గట్టుమీద_శీను
మాస్టారి మాట విని నోట్‌బుక్కు కొన్నా. ఒకే పక్షిని అయిదు నిమిషాలు చూడ్డం అంత కష్టమని తెలీదు, అన్నీ ఒకేలా ఉంటాయి, రెండు చక్కర్లు కొట్టేసరికి ఏది నాదో ఏది కాదో తెలీదు. మూడో రోజు అదృష్టం, ఎడమ రెక్కలో ఒక ఈక ఊడి సందు కనబడే పక్షి దొరికింది. దానికి "సందు" అని పేరు పెట్టా. ఇవాళ సందుది అయిదు నిమిషాల లెక్క: మరమరాలకి తొమ్మిది సార్లు వెళ్ళింది, మూడు సార్లు అందుకుంది, ఒకటే మింగింది. రెండు సార్లు నీళ్ళ మీద ముక్కు ఆనించింది, ఒకసారి వెండిలా మెరిసింది ఏదో దొరికింది. చివర్లో ఒక టెర్న్ పక్షి బుడుంగున మునిగి చేప పట్టుకుని లేస్తే, సందూ ఇంకో రెండూ దాన్ని వంతెన దాకా తరిమాయి. టెర్న్ చేపని వదిలేసింది. కింద పడేలోపు అందుకున్నది సందు కాదు, వేరేది. నాకే బాధేసింది.

పది నిమిషాల గీతల్లో ఎక్కువ పడింది "తేలుతోంది" అనే గడిలో. మాస్టారు గెలిచారు.

లెక్కల_మాస్టారు
గెలుపు కాదు. ఒక రోజు లెక్క ఒక రోజుదే. కొనసాగించండి.

పక్షిపిచ్చి
టెర్న్ దగ్గర లాక్కోవడం వాటికి పాత అలవాటు. టెర్న్ పైనుంచి సూటిగా మునుగుతుంది, ఈ గల్‌కి ఆ విద్య రాదు, నీటి పైపొరలో దొరికిందే దానికి. లోతు చేప కావాలంటే దారులు మూడే, ఎవరో వలతో పైకి తేవాలి, చచ్చి తేలాలి, లేదా ఇంకో పక్షి నోట్లో ఉండాలి.

కోనసీమ_కొబ్బరాకు
మా వైపు దాళ్వాకి దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్ వెనకాల కొంగలతో పాటు ఇవీ రెండు మూడు కనబడతాయండి. బురద తిరగబడితే పురుగులు, కప్పపిల్లలు. అయితే కొంగలు చక్రం పక్కనే నడుస్తాయి, ఇవి మాత్రం పైనే తిరుగుతాయి, కాలికి బురద అంటకూడదు అన్నట్టు.

బ్రిస్టల్_బుజ్జి
@కోనసీమ_కొబ్బరాకు ఇంగ్లండులో కూడా నాగలి వెనకాల బ్లాక్ హెడెడ్ గల్స్ తెల్లగా పరుచుకుంటాయి. జూలైలో రెక్కల చీమలు లేచే రోజైతే ఆకాశం నిండా ఇవే, మన ఉసిళ్ళకి కాకులు ఎగబడ్డట్టు.

పడవోడి_కొడుకు
ఇన్ని రోజుల నుంచి చదువుతున్నా, ఇప్పుడు రాస్తున్నా. మా నాన్న ఘాట్ దగ్గర పడవ నడుపుతాడు. పైన ఒకరిద్దరు కారప్పూస మంచిది కాదన్నట్టు రాశారు. పది రూపాయల పొట్లం, చలికాలం మూడు నెలలు, ఆ పక్షుల కోసమే జనం పడవ ఎక్కుతారు. మిగతా సంవత్సరం ఎవరూ రారు. మీరు బైనాక్యులర్ పెట్టుకుని చూస్తారు, మేం వాటి మీద బతుకుతాం. మాకు చెప్పే ముందు ఆలోచించండి.

కాశీకి_వెళ్ళొచ్చా
బాగా చెప్పావు బాబూ.

పక్షిపిచ్చి
తమ్ముడూ, మీ నాన్నగారి పొట్టకొట్టమని ఎవరూ అనలేదు. పక్షుల్ని చూడ్డానికే జనం పడవ ఎక్కుతారు, పొట్లం లేకపోయినా ఎక్కుతారు అని నా నమ్మకం. కానీ నేను పడవ నడపను కాబట్టి అది నమ్మకమే. నా అభ్యంతరం ప్లాస్టిక్ కవరు మీద, పొట్లం విప్పి అక్కడే నీళ్ళలో వదిలేస్తున్నారు చూడండి, దాని మీద.

పడవోడి_కొడుకు
కవర్ల సంగతి నిజమే, నాన్న కూడా తిడతాడు. సరే, శీనన్నా నీ ప్రశ్నకి జవాబు నా దగ్గరుంది. ఎనిమిదింటికి అవి సముద్రానికీ పోవు, ఎక్కడికీ పోవు. రాత్రి వేసిన వలలు తీసుకుని కింద ఇసుక తిన్నె మీద మావాళ్ళు కూర్చుని ఏరుతారు. అమ్మకానికి పనికిరాని చిన్నవి, చితికినవి, పీతలు పక్కన పారేస్తారు. ఆ టైముకి అక్కడ దిగుతాయి. అరగంటలో కడుపు నిండుతుంది, తర్వాత అదే ఇసుక మీద అన్నీ గాలికి ఎదురుగా తిరిగి కూర్చుంటాయి. మధ్యాహ్నం దాకా అరగడమే పని. ఆదివారం రా, నాన్న తీసుకెళ్తాడు. పొట్లం కొనక్కర్లేదు.

చేపలపులుసు
తిని పడుకోవడం. నేను మొదట్లోనే టిఫిన్ అన్నాను, ఎవరూ పట్టించుకోలేదు.

పక్షిపిచ్చి
శీను గారూ, తిన్నె మీదకి వెళ్తే ఒక పని చేయండి. అవి లేచి వెళ్ళాక కూర్చున్న చోట చిన్న ఉండలు వెతకండి. గుడ్లగూబ లాగే ఇవి కూడా అరగనిదాన్ని ఉండచేసి కక్కేస్తాయి. మనం కంటితో చూసేది అవి ఎత్తుకున్నదాన్ని, ఆ ఉండలో దొరికేది నిజంగా మింగినదాన్ని. కాకపోతే మెత్తటి తిండి అందులో మిగలదు, మరమరాలు తిన్నా కనబడవు, అది గుర్తుపెట్టుకోండి.

కోళ్ళఫారం_రాజు
చేతికి గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దండి బాబూ. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్ళు ఎలా పోయాయో నేను చూశాను. పక్షి చచ్చిపడి ఉంటే అసలు దగ్గరికే వెళ్ళొద్దు, పశువుల డాక్టరుకి చెప్పండి. ఆ చెప్పులతో కోళ్ళ దగ్గరికి మాత్రం ఎవరూ రావద్దు.

బ్రిస్టల్_బుజ్జి
రాజు గారి మాట వినండి. 2023లో ఇక్కడ బ్లాక్ హెడెడ్ గల్స్ ఆ జబ్బుతోనే వేలల్లో పోయాయి.

గట్టుమీద_శీను
వెళ్ళొచ్చా. గ్లౌజులు, మాస్కు, పాత చెప్పులు, అన్నీ. పడవోడి తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. ఎనిమిదింపావుకి ముగ్గురు వల దులుపుతుంటే చుట్టూ నూటికి పైగా ఉన్నాయి, అరుపులకి మాట వినబడదు. ఒక పిల్లపక్షి, ముక్కు కొస నల్లగా ఉంది, తోకకి నల్ల పట్టీ, తనకన్నా పొడుగు ఉన్న పామురూపు చేపని తలవైపు నుంచి మింగుతూ మధ్యలో ఆగిపోయింది, మింగలేదు, కక్కలేదు, తోక నోటి బయట ఊగుతోంది. పెద్దది ఒకటి వచ్చి ఆ తోక పట్టుకుని లాగేసి దర్జాగా పోయింది. వలవాళ్ళు నవ్వారు, రోజూ ఇంతేనట.

తర్వాత పదిన్నర దాకా ఇసుకలో కూర్చున్నాం. అన్నీ ఒకే వైపు తిరిగి, కొన్ని ఒంటికాలి మీద. అవి లేచాక ఏడు ఉండలు దొరికాయి. బొటనవేలంత, తేలిగ్గా, ఎండకి పేళ్ళు లేచి ఉన్నాయి. ఇంటికి తీసుకెళ్తే మా ఆవిడ గుమ్మం దాటనివ్వలేదు, డాబా మీద పాత పెరుగు డబ్బాలో నీళ్ళు పోసి నానబెట్టి పుల్లతో విప్పా. అయిదింట్లో చేప పొలుసులు, సూదిమొనంత వెన్నుపూసలు వరసగా ఒక దాంట్లో ఒకటి గుచ్చినట్టు. ఒకదాంట్లో పురుగు రెక్కల డిప్పలు, పచ్చగా ఇంకా మెరుస్తున్నాయి. అందులోనే పీత గిట్ట ఒకటి. ఏడోదాంట్లో ఎముక లేదు, పొలుసు లేదు, వెండిరంగు ప్లాస్టిక్ ముక్కలు నాలుగు, ఒక రబ్బరు బ్యాండు. ఒక ముక్క మీద ధర సగం కనబడుతోంది.

పడవోడి_కొడుకు
ఎంత ధర?

గట్టుమీద_శీను
ఒకటి పక్కన సున్నా సగం.

పడవోడి_కొడుకు
నాన్నకి చూపించా ఈ పోస్టు. రేపటి నుంచి కారప్పూస న్యూస్‌పేపర్లో కట్టి ఇస్తాడట. పొట్లం అంటే మొదట అదే కదా అన్నాడు.

సీమ_చిత్రాన్నం
బొరుగులైతే కాగితం కూడా అక్కర్లేదు, దోసిట్లో పోస్తే చాలు.

మంజీరా_నడక
మురుమురాలు.

డాలస్_బాబాయ్
న్యూస్‌పేపర్ ఇంకు కూడా మంచిది కాదంటారు ఇక్కడ. ఆకు దొప్ప అయితే ఎలా ఉంటుంది?

పడవోడి_కొడుకు
బాబాయ్, దొప్ప ఖరీదు మీరు పంపిస్తారా?

డాలస్_బాబాయ్
ఒక సీజన్‌కి సరిపడా పంపిస్తా. మెసేజ్ పెట్టు.

లెక్కల_మాస్టారు
ఏడు ఉండలతో తేలేది తక్కువ. ప్రతి ఆదివారం అదే చోట వెతకండి, ఎన్ని వెతికారో, ఎంతసేపు వెతికారో రాయండి. జనవరిలో నీటిపక్షుల లెక్కకి ఇక్కడివాళ్ళు వచ్చుంటారు, వాళ్ళ దగ్గర పక్షుల సంఖ్య కూడా అడిగి పెట్టుకోండి.

గట్టుమీద_శీను
రాస్తున్నా మాస్టారూ. నాలుగు ఆదివారాలు అయ్యాయి, మొత్తం ఇరవై మూడు ఉండలు, ప్లాస్టిక్ ఉన్నవి మూడు. నిన్న పొద్దున కొన్నింటికి తల మీద గోధుమరంగు ఎక్కడం కనబడింది, ముసుగు సగం తొడుక్కుని ఆపినట్టు. సందు కూడా ఉంది, ఎడమ రెక్కలో కొత్త ఈక పొట్టిగా వస్తోంది. ఇంకో రెండు వారాలైతే ఆ సందు పూడిపోతుంది, ఇక దాన్ని గుర్తుపట్టలేను.

చేపలపులుసు
పెరుగు డబ్బా పారేశావా అన్నా, ఇంకా డాబా మీదే ఉందా?